గేరు పడకపోతే తప్పు గేర్ బాక్సుదేనా? పాత పోర్షే 914 చెప్పే సంగతి

అమెరికాలో పాత కార్ల అమ్మకాల్లో పోర్షే 914 అనే పాత జర్మన్ స్పోర్ట్స్ కారు కనిపిస్తే, ఫొటోల కింద తరచూ ఒక మాట ఉంటుంది: "రెండో గేరు కొంచెం మొరాయిస్తుంది, గేర్ బాక్సు చూపించుకోవాలి." అది చదవగానే కొనేవాడు గేర్ బాక్సు విప్పించే ఖర్చు లెక్కేసుకుంటాడు. అది వేల డాలర్ల పని. బేరం ఆ మేరకు దిగుతుంది. నిజంగా పాడైంది గేర్ బాక్సేనా, లేక చేతికీ దానికీ మధ్య ఉన్న నాలుగు ప్లాస్టిక్ ముక్కలా అన్నది చాలాసార్లు అమ్మేవాడికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు.

కాలిఫోర్నియాలో ఉండే మా బావ ఇలాంటిదే ఒక 1974 మోడల్ కొన్నాడు. మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నప్పుడు చూశాను. న్యూట్రల్‌లో ఉన్న గేర్ లీవర్‌ను వేలితో తోస్తే ఎటు తోస్తే అటు వాలిపోతోంది. "ఎలా ఉంది బావా?" అంటే, "గడ్డివాములో కర్ర పెట్టి సూది వెతికినట్టుంది" అన్నాడు. ఆ కర్రకు గేర్లు ఎందుకు దొరకడం లేదో అర్థం కావాలంటే ముందు అది ఏం చేస్తుందో చూడాలి.

కర్రకీ గేరుకీ మధ్య ఏముంది

మనం గేర్ రాడ్ అనే కర్ర గేరును నేరుగా ముట్టుకోదు. దాని అడుగు కొస మరో పొడవాటి కడ్డీని కదిలిస్తుంది. అది షిఫ్ట్ రాడ్డు. ఆ రాడ్డు గేర్ బాక్సు లోపలి ఫోర్కులను కదిలిస్తే, ఆ ఫోర్కులు గేరును పట్టిస్తాయి. లీవర్ నుంచి గేర్ బాక్సు గోడ దాకా ఉన్న ఈ రాడ్లూ, కీళ్లూ, స్క్రూలూ అన్నీ కలిపితే లింకేజీ. లోహం లోహానికి రాసుకోకుండా, అలాగని వదులుగా ఊగకుండా కీళ్ల దగ్గర పెట్టే తొడుగులు బుష్‌లు. అవి అరిగినప్పుడు వచ్చే ఖాళీ కదలికనే మెకానిక్కులు "ప్లే" అంటారు.

బోరింగు పంపు కొట్టినవాళ్లకు ప్లే గురించి చెప్పక్కర్లేదు. హ్యాండిల్ పిన్ను అరిగిన పంపులో చెయ్యి జానెడు కిందికి దిగేదాకా నీళ్లు కదలవు. పిన్ను దగ్గర ఉన్న ఖాళీ పూడాకే లోపలి కడ్డీ లేస్తుంది. లింకేజీలోనూ అంతే. కాకపోతే ఇక్కడ పిన్ను ఒకటి కాదు, నాలుగైదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే రాడ్డు రెండు పనులు చేయాలి. లీవర్‌ను ముందుకో వెనక్కో తోస్తే రాడ్డు ముందుకూ వెనక్కూ జరిగి గేరు పడుతుంది. లీవర్‌ను పక్కకు తోస్తే రాడ్డు తన చుట్టూ తాను కొద్దిగా తిరిగి, ఏ జత గేర్లు అన్నది ఎంచుకుంటుంది. ఈ తిరిగే పనే సున్నితమైనది. రాడ్డు ఉన్నచోటే తిరగాలంటే ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఉండాలి. ఆ పట్టు బుష్‌ది. బుష్ పోయిందంటే రాడ్డు తిరగాల్సింది పోయి పక్కకు జరుగుతుంది. డ్రైవరు చెయ్యి తన పని తాను చేసింది, గేర్ బాక్సుకు మాత్రం ఆ కబురు అందలేదు.

ఈ కారులోనే ఇంత తిప్పలు ఎందుకు

ఫోక్స్‌వ్యాగన్, పోర్షే కలిసి తయారుచేసిన 914 ను 1969 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించారు. 1976 దాకా దాదాపు 1 లక్షా 19 వేల కార్లు తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం నాలుగు సిలిండర్ల కార్లే, ఓస్నాబ్రుక్‌లోని కార్మన్ ఫ్యాక్టరీలో కట్టినవి. ఇంజిన్ సీట్ల వెనకే, వెనక ఇరుసుకు ముందు ఉంటుంది. మలుపుల్లో ఈ కారు అంత హుషారుగా తిరగడానికి కారణం అదే. గేర్ల బాధకు మూలం కూడా అదే.

గేర్ బాక్సును కొత్తగా చేయకుండా పోర్షేదే అయిన మరో కారు, అప్పటి 911 లో ఉన్నదాన్నే తీసుకున్నారు. 911 లో ఇంజిన్ వెనక ఇరుసుకు అవతల, గేర్ బాక్సు ఇవతల ఉంటాయి. అంటే గేర్ బాక్సు ముక్కు డ్రైవరు వైపే ఉంటుంది. షిఫ్ట్ రాడ్డు తిన్నగా వెళ్లి అందులోకి దూరుతుంది. 914 లో ఇంజిన్ ముందుకు వచ్చింది కాబట్టి గేర్ బాక్సును అటుదిటు తిప్పి ఇంజిన్ వెనక బిగించారు. దాంతో ఆ ముక్కు వెనక బంపర్ వైపుకు పోయింది. వీధి గుమ్మం పెరటి వైపుకు తిరిగిన ఇల్లులాగా, లోపలికి వెళ్లాలంటే ఇక పక్క సందులోంచి చుట్టూ తిరిగి రావాల్సిందే.

1972 మోడల్ దాకా వచ్చిన కార్లలో షిఫ్ట్ రాడ్డు సరిగ్గా అలాగే ఇంజిన్ దాటి, గేర్ బాక్సు దాటి, దాని తోక దగ్గర లోపలికి వెళ్తుంది. వీటిని టెయిల్ షిఫ్ట్ అంటారు. 1973 మోడల్ నుంచి గేర్ బాక్సు పక్క గోడలోంచే దారి ఇచ్చారు. అది సైడ్ షిఫ్ట్. దారి తగ్గింది, గేర్లు దొరకడం మెరుగైంది. అయినా రాడ్డు ఇంజిన్ పక్క నుంచి, వేడిలోంచి వెళ్లక తప్పలేదు. చిన్న గిన్నెల్లాంటి ప్లాస్టిక్ బుష్‌లు ఆ వెనక కీళ్ల దగ్గరే ఉంటాయి. యాభై ఏళ్లు వేడికి కాగిన ప్లాస్టిక్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గేర్ల వరుస కూడా మనకు అలవాటైనది కాదు. ఎడమ వరుసలో పైన రివర్స్, కింద ఒకటి. మధ్య వరుసలో పైన రెండు, కింద మూడు. కుడి వరుసలో నాలుగు, అయిదు. అంటే ఒకటి నుంచి రెండుకు వెళ్లాలంటే పైకి తోస్తూ ఒక వరుస పక్కకు కూడా జరగాలి. అలా జరగకుండా తిన్నగా పైకి పోతే అక్కడుండేది రివర్స్. లింకేజీ వదులైన కారులో రెండో గేరు కోసం వెళ్లి రివర్స్ పళ్లను కరకరలాడించడం 914 యజమానులకు కొత్తేమీ కాదు. ఆ చప్పుడు విన్నవాడెవడైనా గేర్ బాక్సు పోయిందనే అనుకుంటాడు.

మన దగ్గర స్టీరింగ్ గేరు అంబాసిడర్ నడిపినవాళ్లు ఈ పాటికి నవ్వుకుంటూ ఉంటారు. స్టీరింగ్ పక్కనున్న లీవర్ నుంచి బానెట్ కిందుగా వెళ్లే రాడ్లు, వాటి బుష్‌లు అరిగితే గేరు మధ్యలో ఇరుక్కునేది. సిగ్నల్ దగ్గర దిగి, బానెట్ ఎత్తి, రాడ్డును చేత్తో తట్టి న్యూట్రల్‌లోకి తెచ్చుకుని మళ్లీ ఎక్కడం పాత డ్రైవర్లకు మామూలు విషయం. వాళ్లెవరూ దానికోసం గేర్ బాక్సు దించలేదు.

ఒక మిల్లీమీటరు పైకి వచ్చేసరికి

లెక్క కోసం గుండ్రని అంకెలు తీసుకుందాం. ఇవి కొలిచినవి కావు, విషయం అర్థం కావడానికి. లీవర్ ఒక ఇరుసు మీద ఊగుతుంది. ఇరుసు నుంచి పైన నాబ్ దాకా 250 మిల్లీమీటర్లు, ఇరుసు నుంచి అడుగు కొసకు 50 మిల్లీమీటర్లు అనుకుంటే, అడుగున జరిగే ప్రతి కదలికా పైన 5 రెట్లు కనిపిస్తుంది. న్యూట్రల్ నుంచి గేరు పడటానికి రాడ్డు 12 మిల్లీమీటర్లు జరగాలనుకుందాం. అప్పుడు నాబ్ 60 మిల్లీమీటర్లు కదలాలి.

ఇప్పుడు అరుగుదల కలుపుదాం. లీవర్ అడుగు గిన్నెలో అర మిల్లీమీటరు, రెండు రాడ్లు కలిసే చోట అర మిల్లీమీటరు, వెనక రెండు కీళ్లలో ఒక్కోటి చొప్పున రెండు. మొత్తం 3 మిల్లీమీటర్లు. విడివిడిగా చూస్తే ఏ కీలూ పాడైనట్టు కనిపించదు, చేత్తో ఊపి చూసిన మెకానిక్ కూడా "పర్లేదు" అనే అంటాడు. కానీ నాబ్ దగ్గర అది 15 మిల్లీమీటర్లు. గేరు వేసే ప్రయాణంలో నాలుగో వంతు గాలిలోనే పోయింది.

అంతకంటే ముఖ్యం, లోపల ఫోర్కుకు అందాల్సిన 12 లో 9 మిల్లీమీటర్లే అందే ప్రమాదం ఉంది. లీవర్ తన గట్టు దాకా వెళ్లి ఆగిపోతుంది, లోపల గేరు మాత్రం సగమే పడుతుంది. సగం పట్టుకున్న పళ్లు యాక్సిలరేటర్ వదలగానే జారిపోతాయి, ప్రతి జారుడుకూ వాటి అంచులు కాస్త గుండ్రమవుతాయి. అరిగిన లింకేజీని ఏళ్ల తరబడి అలాగే నడిపితే, చివరికి నిజంగానే గేర్ బాక్సు పాడవుతుంది. మొదట తప్పుడు అనుమానంగా ఉన్నది అలా నిజమైపోతుంది.

పక్కకు తిరిగే కదలికలోనూ ఇదే కథ. 40 మిల్లీమీటర్ల చేయి ఉన్న కీలులో 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే రాడ్డు దాదాపు 3 డిగ్రీలు తిరగకుండానే ఉండిపోతుంది. ఒక వరుసకూ ఇంకో వరుసకూ మధ్య ఉండేదే కొద్ది డిగ్రీలు. మూడు పోతే మిగిలేదేముంది?

లింకేజీ అనుకున్నది క్లచ్ కావచ్చు

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. గేరు పడకపోవడం అనేది జ్వరంలాంటిది, దానికి కారణాలు చాలా. 914 లో ముఖ్యంగా మూడు: లింకేజీ, క్లచ్, గేర్ బాక్సు లోపలుండే సింక్రో (దాని సంగతి కింద చెబుతాను).

క్లచ్ ఈ కారులో కేబుల్‌తో పనిచేస్తుంది. ఆ కేబుల్ కారు నేల మధ్యలో పొడవునా ఉండే టన్నెల్‌లో ఒక సన్నని గొట్టంలోంచి వెళ్తుంది. గొట్టాన్ని పట్టుకుని ఉన్న వెల్డింగ్ ఊడిందంటే, పెడల్ తొక్కినప్పుడల్లా కేబుల్‌తో పాటు గొట్టమూ కదులుతుంది. గేర్ బాక్సు దగ్గర కేబుల్ మలుపు తిరిగే చోట ఒక కప్పీ ఉంటుంది, దాని బుష్ కూడా అరుగుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగినా పెడల్ నేలకు తగులుతుంది కానీ క్లచ్ పూర్తిగా విడిపోదు. అప్పుడు కొత్త బుష్‌లు ఎన్ని వేసినా గేరు మొరాయిస్తూనే ఉంటుంది.

ఏది ఏదో తెలియడానికి లక్షణాలు కొంత సాయపడతాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ చక్కగా దొరికి, ఇంజిన్ నడుస్తుంటే మాత్రం బిగుసుకుంటే అనుమానం క్లచ్ మీదకు పోవాలి. ఆగి ఉన్న కారులో క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగాక కూడా రివర్స్ వేస్తే కరకరలాడిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఇంజిన్ ఆపినా గేర్ల వరుస దొరక్క వెతుక్కోవాల్సి వస్తుంటే అది లింకేజీ. అన్నీ తేలిగ్గా దొరుకుతున్నా, దూకుడుగా రెండో గేరు వేసినప్పుడు మాత్రమే గర్రుమంటే, ఇక సింక్రోనే.

సింక్రో అంటే గేరు పళ్లు కలిసేముందు రెండు చక్రాల వేగాన్ని ఒకటి చేసే చిన్న బ్రేకు. ఈ గేర్ బాక్సులో ఉన్నది పోర్షే సొంత పద్ధతి. తెరుచుకుని ఉన్న ఉక్కు ఉంగరం ఒకటి విప్పారి, రాపిడితో గేరు వేగాన్ని సమం చేస్తుంది. దానికి ఒక క్షణం సమయం కావాలి. తొందరపెట్టే చెయ్యి దాన్ని త్వరగా అరగదీస్తుంది. మొదట అరిగేది ఎక్కువగా ఉపయోగపడే కింది గేర్లవే.

ఇంజిన్, గేర్ బాక్సు కూర్చునే రబ్బరు మౌంట్ల మాట కూడా చెప్పాలి. లింకేజీ ఒక కొస బాడీకి, ఇంకో కొస గేర్ బాక్సుకు ఉంటుంది. రబ్బరు మెత్తబడితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ ఊగుతుంది, దాంతో లీవర్ కూడా ఊగుతుంది.

ప్లాస్టిక్ బుష్షా, గన్‌మెటల్ బుష్షా

బుష్‌లు మార్చాలని తేలాక వచ్చే వాదన ఇది. ఈ విషయంలో రెండు వర్గాలూ గట్టిగానే మాట్లాడతాయి.

ప్లాస్టిక్ వాళ్ల వాదన: ఫ్యాక్టరీ వేసింది అదే. చప్పుడు ఉండదు, ఇంజిన్ వణుకు చేతికి రాదు. ముఖ్యంగా, అరిగితే బుష్ అరగాలి కానీ రాడ్డు అరగకూడదు. బుష్ ధర కొన్ని డాలర్లు, రాడ్డు అంత తేలిగ్గా దొరకదు. లోహపు వాళ్ల వాదన: యాభై ఏళ్లలో రెండుసార్లు పొడైపోయిన వస్తువును మూడోసారి ఎందుకు వేయాలి? వేడి తగిలే చోట గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ వేసి కాస్త కందెన పెడితే మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఇద్దరి మాటలోనూ నిజముంది, ఇద్దరూ చెప్పని సంగతులూ ఉన్నాయి. ప్లాస్టిక్ అంతా ఒకటి కాదు. నైలాన్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. కొత్తగా వేసిన రోజు సరిపోయిన బుష్ కొన్నాళ్లకు రాడ్డును బిగపట్టేయవచ్చు. డెల్రిన్ అనే రకం అంతగా పీల్చదు, అందుకే ఇప్పుడు తయారుచేసేవాళ్లలో చాలామంది దానివైపు మొగ్గుతారు. ఇక గన్‌మెటల్ విషయానికొస్తే, అది వంకరను సహించదు. పాత కారులో రాడ్డు కొద్దిగా వంగి ఉన్నా, కొత్త ఇంజిన్ మౌంట్లతో గేర్ బాక్సు కాస్త అటూ ఇటూ కూర్చున్నా, ప్లాస్టిక్ సర్దుకుపోతుంది, గన్‌మెటల్ బిగుసుకుపోతుంది. కందెన ఎండి దుమ్ము చేరిందంటే అదే బుష్ రాడ్డును గీకడం మొదలుపెడుతుంది. అసలు రాడ్డు మీదే గాడి పడి ఉంటే ఏ బుష్ వేసినా మొదటి రోజే వదులు.

నాకైతే వేడి తక్కువున్న చోట మంచి ప్లాస్టిక్, ఇంజిన్ పక్క కీళ్ల దగ్గర గట్టిది అన్న మధ్యేమార్గం సబబుగా అనిపిస్తుంది. రేసు ట్రాక్ మీద నడిపేవాళ్లలో కొందరు లోహపు బాల్ జాయింట్లు వేసుకుంటారు. వాళ్ల చెవులు వాళ్లిష్టం.

షార్ట్ షిఫ్టర్ చేసేదీ, చేయనిదీ

ఊగే లీవర్‌కు చాలామంది ముందుగా కొనే మందు షార్ట్ షిఫ్టర్. లీవర్ కొలతలు మార్చి, చేతి కదలికను తగ్గించే భాగం అది. వేసిన రోజు తేడా బాగా తెలుస్తుంది. కానీ పై లెక్కనే మళ్లీ చూడండి. 5 రెట్లను 3.5 రెట్లకు తగ్గించామనుకుందాం. గేరు వేయడానికి నాబ్ కదలాల్సింది 60 నుంచి 42 మిల్లీమీటర్లకు తగ్గింది. ఖాళీ కదలిక కూడా 15 నుంచి 10.5 కు తగ్గింది. చేతికి బిగువుగా అనిపిస్తుంది. కానీ 42 లో 10.5 అంటే ఇంకా నాలుగో వంతే. గేర్ బాక్సుకు అందాల్సిన కదలికలో పోతున్నది అప్పుడూ 3 మిల్లీమీటర్లే, ఇప్పుడూ 3 మిల్లీమీటర్లే.

పైగా బలం పెరిగింది. రాడ్డును తోయడానికి 10 కిలోల బలం కావాలంటే ఇంతకుముందు నాబ్ దగ్గర 2 కిలోలు చాలేది. ఇప్పుడు దాదాపు 2.9 కిలోలు పెట్టాలి. అలసిన సింక్రో మీద ఆ చెయ్యి ఇంకా గట్టిగా పడుతుంది. బుష్‌లన్నీ కొత్తవైన కారులో షార్ట్ షిఫ్టర్ సరదాగా ఉంటుంది. అరిగిన లింకేజీ మీద వేస్తే కన్నాలున్న చొక్కాకు ఇస్త్రీ చేసినట్టే.

టెయిల్ షిఫ్ట్‌ను మార్చేయాలా?

1972 మోడల్ దాకా వచ్చిన కార్లున్నవాళ్లకు ఇంకో ప్రశ్న ఉంటుంది. సైడ్ షిఫ్ట్ మంచిదైతే దానికే మార్చుకుంటే పోలా? చేయొచ్చు, చేసుకున్నవాళ్లూ చాలామందే ఉన్నారు. అయితే రాడ్లు మారిస్తే సరిపోదు, గేర్ బాక్సును విప్పి దాని భాగాలు కూడా మార్చాలి. ఎలాగూ సింక్రోల కోసం విప్పుతున్నవాడికి ఇది తెలివైన పని. కేవలం లీవర్ ఊగుతోందని విప్పడం మాత్రం ఆలోచించాల్సిందే. అసలు రూపంలో ఉన్న కారుకు విలువ ఎక్కువిచ్చే సేకర్తలు ఈ మార్పును ఇష్టపడరు. బుష్‌లు, కీళ్లు అన్నీ సరిగ్గా ఉన్న టెయిల్ షిఫ్ట్ తమకు ఏ లోటూ చేయలేదని చెప్పే యజమానులూ ఉన్నారు. మనం ఎక్కువగా నడిపేదీ, తిట్టుకునేదీ సరిగ్గా లేనివే కదా.

బావ కారులో దొరికింది

ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలో, రాడ్డును పట్టుకుని ఉండాల్సిన ఫైర్‌వాల్ బుష్ బయటికి తీస్తుంటే అప్పడంలా విరిగింది. సగం ముక్క చేతిలోకి వచ్చింది, మిగతా సగం ఎప్పుడు రాలిపోయిందో. రాడ్డు ఆ కన్నంలో గంటలో నాలుకలా ఊగుతోంది. వెనక గిన్నె బుష్‌లలో ఒకటి అసలు లేదు, దాని చోట ఎవరో ఎప్పుడో చుట్టిన టేపు ఉంది. రాడ్డును బిగించే మొన స్క్రూ కూడా సగం తిరుగు వదులు.

కొత్తవి వేశాక కారు మొదట ఇంకా అధ్వానంగా నడిచింది. కంగారుపడ్డాడు కానీ కారణం సులువైనదే. పాత సర్దుబాటు పాత వదులును లెక్కలో పెట్టుకుని ఎవరో చేసినది. వదులు పోగానే ఆ లెక్క తప్పయింది. గేర్ బాక్సును న్యూట్రల్‌లో ఉంచి, బిగింపు వదిలి, లీవర్‌ను తన స్థానంలో నిలబెట్టి మళ్లీ బిగించాలి. ఒకటి రెండు డిగ్రీల తేడాకే రివర్స్ దొరక్కుండా పోయింది. మూడోసారికి కుదిరింది.

ఇప్పుడు లీవర్ ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతోంది. ఒకటి నుంచి రెండుకు వెళ్లే దారి చేతికి తెలుస్తోంది. కానీ ఇంజిన్ బాగా వేడెక్కాక తొందరపడి రెండో గేరు వేస్తే ఇప్పటికీ చిన్నగా గర్రుమంటుంది. అంటే అమ్మినవాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సింక్రో కూడా కొంత అరిగింది. ఆ చప్పుడు ఇన్నాళ్లూ లింకేజీ గోలలో వేరుగా వినిపించలేదంతే. గేర్ బాక్సు దించడం ఇప్పట్లో లేదన్నాడు బావ. ఈలోగా ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడు మధ్యలో ఒక్క క్షణం చెయ్యి ఆపి, అప్పుడు తోస్తున్నాడు.